కాగితం వెనక పక్క

తప్పు లేకుండా టైపు కొట్టడం ఒక్కటే దేవుడు నాకిచ్చిన విద్య అని నలభై ఏళ్ళ పాటు గొప్పలు పోయాను. పోయిన సంవత్సరం మే ఎండల్లో, అరవ లెక్కకి వైకాసి నెలలో, మా అమ్మాయి రాజశ్రీ పెళ్ళికి నెల రోజుల ముందు, ఆ గొప్ప కాస్తా దిగిపోయింది. దింపింది మా మేడ మీద పోర్షన్‌లో అద్దెకుండే ఆశ. ఆ పిల్లకి నా మీద కోపమేమీ లేదు. పైగా నేను పోసే కాఫీ అంటే ప్రాణం.

ఆశది కరీంనగర్ వైపు. ఇక్కడ మద్రాసు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దేని మీదమ్మా అని మొదట అడిగినప్పుడు నాకు నవ్వాగలేదు. మద్రాసు తెలుగువాళ్ళు పెళ్ళికి బొట్టు పెట్టి పిలవడానికి రాసుకున్న ఇళ్ళ పట్టీల మీదట! పురసవాక్కంలోనూ మైలాపూరులోనూ తిరిగి, పదకొండు కుటుంబాల దగ్గర వందేళ్ళ పట్టీలు పోగు చేసింది. ఎవరు ఎవరిని పిలిచారు, ఏ వీధి నుంచి ఏ వీధికి మారారు, ఏ ఇల్లు ఎప్పుడు కొత్తగా చేరింది, అన్నీ కంప్యూటర్‌కి ఎక్కిస్తే పుస్తకాల్లో లేని ఊరి కథ బయటికొస్తుందని చెప్పింది.

"చదువుకున్నోళ్ళకి పనికేం తక్కువ!" అంది మా అమ్మ భువనేశ్వరి. ఆమెకి ఎనభై నాలుగు. చెవులు బాగా వినిపిస్తాయి, వినకూడనివి మరీ బాగా.

మా నాయన అచ్యుతరామయ్య కాగితం ముక్క పారేసే మనిషి కాదు. ఆయన పోయి పదిహేనేళ్ళయినా, మా ఇంటి పెళ్ళిళ్ళ పట్టీలు తొమ్మిదీ ఇనప పెట్టెలో అట్లాగే ఉన్నాయి. ఆశ వాటిని చూసి పండగ చేసుకుంది. "పాత చేతిరాతలు నాకు సమజైతలేవు ఆంటీ, జర టైపు చేసి పెడ్తరా?" అంది. ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని, ఎట్లా కాదంటాను? ఇన్‌స్టిట్యూట్ మూసేశాక ఈ వేళ్ళు ఊరికే ఉండలేక అప్పడాలు వత్తుతున్నాయి. దానికంటే ఇదే నయం అనుకున్నాను.

అవి కత్తిరి ఎండలు, నడివేసవి. మేడ మీద గదిలో ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొట్టేది. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, పైన ఇనప కొయ్యకి ఫోను బిగించి, ఆశ ఒక్కో కాగితాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టేది. ముందు పక్క ఒక ఫోటో. తిప్పి, వెనక పక్క ఒక ఫోటో.

"వెనక ఏముండాదని? తెల్లకాయితమే గదా," అన్నాను.

"ఖాళీ ఉన్నా తియ్యాలె ఆంటీ. అది ఖాళీనో కాదో తర్వాత చూస్తం."

"ఏమీ లేనిదానికి కూడా ఫోటోనా! ఈ మాట మా రాజశ్రీ చెవిన పడనీకు. పెండ్లికి ఇంకో ఫోటోగ్రాఫర్ కావాలంటాది."

ఆశ నవ్విందే కానీ ఒక్క వెనక పక్క కూడా వదల్లేదు. నాకు ఒళ్ళు మండేది. కరెంటు దండగ, టైము దండగ.

ఎనభై మూడు నాటి పట్టీ వచ్చినప్పుడు మాత్రం నేనే ఆ పిల్ల చేతిలోంచి లాక్కున్నాను. ముందున్న నాలుగూ నాయన చేత్తో రాసినవి. ఇది టైపు చేసింది. "చూడు, నాకు పదిహేడేళ్ళప్పుడు కొట్టింది. ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మిషన్ ఒక్కటే ఉండె. మా నాయన అంతకు ముందు జరిగిన పెండ్లి పట్టీ చేతికిచ్చి, దీన్ని చూసి కొట్టుకోని రా అన్నాడు. ఒక్క తప్పు కనపడతాదేమో చూడు!"

ఆశ వేలు పెట్టి పైనుంచి కింది దాకా చూసింది. "ఒక్కటి గూడ లేదు ఆంటీ," అంది. ఆ రోజు ఆమెకి రెండు కాఫీలు.

*

పెళ్ళి వైకాసి తర్వాత వచ్చే ఆని నెలలో. ఇక మా పట్టీ మేము రాసుకోవాలి. రాజశ్రీ ఫోనులోంచి తల ఎత్తకుండా, అందరికీ వాట్సాప్‌లో పంపేస్తే సరిపోదా అని అరవంలో సణిగింది. వాట్సాప్ ఎంత దూరమైనా పోనీ, కార్డు ఎంత మందంగానైనా ఉండనీ, మా వాళ్ళలో ఇంటి ఆడది కుంకుమ భరిణె పట్టుకొని గడప తొక్కి బొట్టు పెడితేనే పిలిచినట్టు. లేకపోతే అది పిలవని పేరంటమే.

ఆ పిలుపు దగ్గరే మా ఇంట్లో ఒక ముల్లు ఉండిపోయింది. ఎనభై మూడు ఆనిలో మా అన్న శివరామ్ పెళ్ళికి నాయన ఒక్కగానొక్క చెల్లెలు, మైలాపూరు అమ్ములత్త, రాలేదు. ఎందుకంటే మా వాళ్ళెవరూ వెళ్ళి బొట్టు పెట్టలేదు. పెట్టాల్సింది అమ్మ. మరుసటి ఏడు తన కూతురి పెళ్ళికి అత్త మమ్మల్ని పిలవలేదు. అంతే, నలభై రెండేళ్ళు గడిచిపోయాయి. మా పురసవాక్కం నుంచి మైలాపూరుకి ఆటోలో అరగంట. నాయన పోయినప్పుడు మటుకు అత్త వచ్చింది. చావుకి పిలుపు అక్కర్లేదు కదా. వాకిట్లో నిలబడి తన అన్న మొహం చూసి, మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోయింది. మామ పోయినప్పుడు నేనూ అన్నా అట్లాగే వెళ్ళి అట్లాగే వచ్చాం.

నాకు అత్తంటే ప్రాణం. ఆడపిల్లకి టైపెందుకని నాయన నసిగితే, "దాని వేళ్ళే దానికి అన్నం పెడతాయిలే అన్నా" అని నన్ను చెయ్యి పట్టుకొని ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చింది ఆమే. నా పెళ్ళికి ఆమె లేదు. నా కూతురి పెళ్ళికైనా ఉండాలని పట్టుదల పట్టాను.

"అమ్మా, ఈసారి అమ్ములత్త ఇంటికి పోయి బొట్టు పెట్టి వస్తా," అన్నాను.

అమ్మ మజ్జిగలో ఊరవెయ్యడానికి మిరపకాయలకి గాట్లు పెడుతోంది. చెయ్యి ఆగలేదు. "ఆ ఇంటి మాట ఎత్తొద్దు మంగళా."

"ఆమెకి డెబ్బై ఎనిమిది. ఇంకెప్పుడు?"

"పట్టీలో లేని ఇంటికి ఎట్ల పోతావు?"

"లేకపోతే రాస్తే సరి. ఆ పొద్దు నువ్వొక్క అడుగు ఆడికి పోయి ఉంటే ఇంతదాకా వచ్చేదా? చేసేదంతా చేసి ఇప్పుడు పట్టీ అంటావా!"

అనకూడని మాటే. నోరు జారింది. అమ్మ కత్తి కింద పెట్టింది.

"ఆమా, అవును, నేనే చేసినా," అంది. "నేనే అని ఊరందరికీ తెలుసు గదా. మళ్ళీ నన్నెందుకు అడగతావు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే నేను ఇంకో నాలుగు అనేదాన్ని. లేనందుకు లేచి వంటింట్లోకి పోయాను.

*

వారం తర్వాత మధ్యాహ్నం ఆశ నన్ను మేడ మీదికి పిలిచింది. కాఫీ పట్టుకెళ్ళాను. తీసుకొని పక్కన పెట్టేసింది. కాఫీ పక్కన పెట్టిందంటేనే ఏదో ఉందని నాకు అర్థమైంది.

"ఆంటీ, ఒకటి అడుగుత. చావు జరిగిన ఇంటికి ఏడాది దాక బొట్టు పిలుపు పోరు కదా?"

"పోరు. ఏడాది తిరగాల. దుఃఖంలో ఉండే ఇంటికి కుంకుమ ఎట్ల తీసుకొని పోతారు?"

"మరి పట్టీల ఆ ఇల్లు ఏమైతది?"

"పాత పట్టీల్లోనా? రాసుండరు."

"రాస్తరు ఆంటీ. కాయితం వెనక పక్క, పెన్సిల్‌తోని. ముందు పక్క ఉంటే ఎవరన్న చూసుకోకుంట కుంకుమ పట్కొని పోతరని. మీ ఇంట్లనే కాదు, పదకొండు కుటుంబాలల్ల ఎనిమిది గట్లనే చేసినయి."

నాకు తెలియదు. నేను టైపు మొదలుపెట్టాక మా ఇంట్లో వెనక పక్కతో పనే లేకుండా పోయింది. పిలవకూడని ఇల్లుంటే టైపు కాగితం మీద పక్కన ఒక సున్నా చుట్టుకునేవాళ్ళం. పాత పద్ధతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆశ కంప్యూటర్‌ని నా వైపు తిప్పింది. ఒక్కో ఇంటికి ఒక్కో గీత. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి గీతలన్నీ పక్కపక్కన సాగిపోతున్నాయి. అక్కడక్కడ ఒక గీత కిందికి దిగి, తర్వాతి పెళ్ళి దగ్గర మళ్ళీ పైకి వచ్చి మిగతావాటితో కలుస్తోంది. దిగినచోట ఎవరో పోయారన్నమాట. పైకి వచ్చినచోట ఏడాది తిరిగిందన్నమాట. ఎవరూ కావాలని రాసిపెట్టకపోయినా, ఒక ఊరి ఏడుపులూ తేరుకోవడాలూ అన్నీ ఆ తెర మీద ఉన్నాయి.

"అన్ని కుటుంబాలల్ల కలిపి నూట నాలుగు సార్లు ఒక ఇల్లు వెనకకు పోయింది," అంది ఆశ. "నూట మూడు సార్లు తిరిగి ముందుకు వచ్చింది."

"ఇంకొకటి?"

ఆ పిల్ల వేలితో చూపించింది. ఒక గీత కిందికి దిగి, అక్కడే ఆగిపోయింది. ఎనభై రెండు. మా ఇంటి పట్టీ. ఆ ఏడు మా చిన్నాయన కూతురి పెళ్ళి. దానికి నాలుగు నెలల ముందే అమ్ములత్తకి అత్తగారు పోయింది.

ఆశ ఒక ఫోటో తెరిచింది. ఎనభై రెండు పట్టీ వెనక పక్క. ఉత్త పసుపు కాగితం. ఆమె ఏవో రెండు మీటలు నొక్కితే కాగితం నల్లబడింది, దాని మీద పెన్సిల్ అక్షరాలు తెల్లగా తేలాయి. మా నాయన రాత. గుండ్రంగా, తొందర లేకుండా.

*మైలాపూరు అమ్ములు. ఏడాది కాలేదు. అయినాక తప్పక పిలవాల.*

"ఎనభై మూడు పట్టీ దీన్ని చూసి కొట్టిందే ఆంటీ. వరస గూడ ఏం మారలే. తర్వాతవి నాలుగూ మీ టైపు పట్టీని చూసి కొట్టినయి." ఆశ తల వంచుకుంది. "మీరు తప్పు కొట్టలే. ముందు పక్క ఏమున్నదో అదే కొట్టిన్రు."

"మక్కికి మక్కి," అన్నాను.

అన్న పెళ్ళినాటికి ఏడాది ఎప్పుడో తిరిగింది. వెనక ఉన్న ఇంటిని ముందుకు తేవాల్సిన చెయ్యి నాది. నేను కాగితం తిప్పలేదు. నాయన నా టైపు చూసి "ఒక్క తప్పు లేదే!" అని మురిసిపోయి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు గానీ ఇళ్ళు లెక్కపెట్టలేదు. ఆ కాగితమే పట్టుకొని అమ్మా, మా పొన్నమ్మ పిన్నీ ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. నన్ను టైపులో పెట్టిన మనిషిని, నేను మొట్టమొదట ఇంటికోసం కొట్టిన కాగితంలోనే వదిలేశాను.

"ఆంటీ, ఇది మీ ఇంటి సంగతి," అంది ఆశ మెల్లిగా. "మీరు వద్దంటే నా థీసిస్‌ల రాయ. ఈ ఇల్లు తీసేస్త."

"ఒకసారి తీసేసింది చాల్లేమ్మా," అన్నాను. "ఉండనీ. ఆ ఫోటో నాకొకటి పెద్దగా ప్రింటు తీసియ్యి."

*

కిందికి దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ ఒక సాకు తట్టింది. చెప్పకుండానే అత్తని పిలవొచ్చు. నాయన మర్చిపోయాడని చెప్పొచ్చు, ఆయన వచ్చి కాదనడు కదా. కింది మెట్టు దాకా వచ్చేసరికి సాకులు అయిపోయాయి.

అమ్మ మిరపకాయల పళ్ళెం ఎండలోంచి తీసుకొస్తోంది. ప్రింటు చేతికిచ్చి, "అమ్మా, నేనే," అన్నాను. ఏం చెప్పానో, ఎట్లా చెప్పానో సరిగ్గా గుర్తు లేదు. ముందు పక్క, వెనక పక్క అని రెండు మూడుసార్లు అన్నాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని ఆ మూడు ముక్కల్నీ చాలాసేపు చదివింది.

"అంటే," అంది చివరికి, "ఆయన కొట్టెయ్యలేదా?"

నాకు అర్థం కాలేదు.

"మీ అత్త వాళ్ళ అత్తగారి పెద్దకర్మ రోజు భోజనాల కాడ మీ మామకీ ఆయనకీ మాటా మాటా వచ్చింది. ఆ కోపంలో చెల్లెలి పేరే తీసేసినాడు అనుకున్నా. పట్టీ చేతికిచ్చినప్పుడే చూసినా, మైలాపూరు లేదు. అడిగితే ఆయన తల దించుకోవాల. ఎందుకులే అని అడగలా."

"మరి అందరూ నిన్నంటుంటే?"

"అననీలే అనుకున్నా. ఆయన్ని అనేదానికన్నా నయం గదా."

"నాయనైనా నిన్ను అడగలేదా, చెల్లెలు ఎందుకు రాలేదని?"

"పిలిచినా రాలేదు, మొగుడి మాట విన్నాది అనుకొని ఉంటాడు. ఆయనా అడగలా." అమ్మ పెన్సిల్ రాత మీద వేలితో నిమిరింది. "తప్పక పిలవాల అని రాసుకున్నాడే, పిచ్చిమనిషి."

నేను ఏడ్చేశాను. పెళ్ళీడు కూతురున్న ఆడదాన్ని, గోడకి ఆనుకొని చిన్నపిల్లలా ఏడ్చాను. నలభై రెండేళ్ళు మా అమ్మని నేనూ అన్నాను, అందరితో కలిసి. అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. ఆ కొంగుకి మిరపకాయల ఘాటు. కళ్ళు ఇంకా మండాయి.

"పదిహేడేళ్ళ పిల్లవి. కాయితం తిప్పి చూడమని చెప్పనిది మేము," అంది. తర్వాత గొంతు సవరించుకొని గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "రేపు శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. తొమ్మిదికల్లా ఆడ ఉండాల. ఆటో చెప్పిపెట్టు."

*

మైలాపూరులో అత్త ఉండేది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మ ఒక్కో అంతస్తుకీ రెండుసార్లు ఆగింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

అత్తే తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. నుదుట విబూది. మా ఇద్దర్నీ చూసి తలుపు గట్టిగా పట్టుకుంది.

"ఎవురు పోయినారు?" అంది.

మా రెండిళ్ళ మధ్య రాకపోకలంటే ఆమెకి అదొక్కటే మిగిలింది.

"ఎవురూ పోలా అమ్ములూ," అంది అమ్మ ఆయాసపడుతూ. "పెండ్లి. మంగళ కూతురికి. ముందు కూర్చోనీ, కాళ్ళు వణకతా ఉండాయి."

లోపల కూర్చున్నాం. మంచినీళ్ళు వచ్చాయి. అమ్మ గ్లాసు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. అత్త ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉంది. నేను సంచిలోంచి ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టి, ఈసారి తడబడకుండా చెప్పాను. నువ్వు నేర్పించిన టైపే అత్తా, నేనే కొట్టాను, నేనే తిప్పి చూడలేదు. అమ్మ కాదు. నాయన కాదు.

అత్త కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుంది.

"మా అన్న రాతే," అంది. తర్వాత ఎవరితోనో అన్నట్టు అంది: "శివరామ్ పెండ్లి రోజు తెల్లారే తలకి పోసుకున్నా. లక్క ఎరుపు అరక్కు రంగు పట్టుచీర కట్టుకున్నా. ముందు పిలవకపోతే పోయినారు, ఆ పొద్దైనా ఎవురో ఒకరు పరిగెత్తుకోని వస్తారని. పదకొండు దాకా కూర్చున్నా. తర్వాత చీర మడత పెట్టేసినా."

కింద వీధిలో పూలమ్మే ఆమె కేకేస్తూ పోయింది.

"మంగళా," అంది అమ్మ. "బొట్టు పెట్టు."

నేను భరిణె తీశాను. అత్త వెనక్కి జరిగింది. "నాకెందుకే ఇప్పుడు? మీ మామ పోయి ఎనిమిదేళ్ళు. పెండ్లికి వస్తాలే. బొట్టొద్దు, అపచారం."

"ఇది రాజశ్రీ పెండ్లిది కాదు అమ్ములూ," అంది అమ్మ. "శివరామ్ పెండ్లిది."

అత్త అమ్మ వైపు చూసింది. మళ్ళీ చేతిలోని కాగితం వైపు చూసింది. 'ఏడాది కాలేదు' అన్న ముక్క మీద ఆమె బొటనవేలు ఆగింది.

"ఏడాది అయిందా మంగళా?" అంది.

"అయింది అత్తా," అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకొని, నుదురు ముందుకు వంచింది.